ఆకాశం అందరిది, డేటా ఎవరిది? అంతరిక్ష సమాచారం సామాన్యుల చేతికి వస్తున్న తీరు

చంద్రయాన్-2 ల్యాండర్ ‘విక్రమ్’ 2019 సెప్టెంబర్ 7 తెల్లవారుజామున చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగుతూ భూమితో సంబంధాలు కోల్పోయింది. పది రోజుల తర్వాత అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ ఆ ప్రాంతం మీదుగా వెళ్తూ చిత్రాలు తీసింది. సెప్టెంబర్ 26న నాసా వాటిని కూర్చిన పెద్ద చిత్రాన్ని ఎవరైనా పరిశీలించేందుకు వీలుగా విడుదల చేసింది. చెన్నైకి చెందిన ఇంజినీరు షణ్ముగ సుబ్రమణియన్ దానిని అదే ప్రదేశానికి చెందిన పాత చిత్రాలతో పోల్చి, మునుపు లేని ఒక చిన్న చుక్కను గుర్తించారు. ఆ విషయాన్ని నాసాకు తెలియజేశారు. శాస్త్రవేత్తలు మరిన్ని చిత్రాలతో సరిచూసి, అది విక్రమ్ శకలమేనని డిసెంబర్‌లో ధ్రువీకరించారు. ప్రధాన పతన స్థలానికి వాయవ్యంగా సుమారు 750 మీటర్ల దూరంలో ఆ శకలం ఉంది. దానిని తొలుత గుర్తించిన వ్యక్తిగా సుబ్రమణియన్ పేరును నాసా అధికారికంగా ప్రకటించింది.

ఈ అన్వేషణకు ఆయన వద్ద టెలిస్కోపు లేదు, ప్రయోగశాల లేదు. ఉన్నవి ఒక కంప్యూటర్, ఓపిక, అందరికీ తెరిచి ఉంచిన చిత్రాలు మాత్రమే. ప్రజాధనంతో నడిచే అంతరిక్ష యాత్రలు, వేధశాలలు సేకరించిన డేటాను బహిరంగంగా ఉంచాలన్న వాదనకు ఇంతకన్నా సులువుగా అర్థమయ్యే ఉదాహరణ లేదు. అయితే డేటాను ఎప్పుడు తెరవాలి, ఏ రూపంలో తెరవాలి అన్న ప్రశ్నలకు సమాధానం అంత తేలిక కాదు.

పాత డేటాలో కొత్త ఫలితాలు

ఒక పరికరాన్ని నిర్మించిన బృందం తాను వెతుకుతున్న విషయాన్నే డేటాలో చూస్తుంది. అదే డేటాలో వారు అడగని ప్రశ్నలకు సమాధానాలు దాగి ఉండవచ్చు. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు 2001లో నమోదు చేసిన ఒక సంకేతం ఆరేళ్ల పాటు ఎవరి దృష్టికీ రాలేదు. డంకన్ లోరిమర్ బృందం 2007లో ఆ పాత రికార్డులను తిరిగి పరిశీలించినప్పుడు, సెకనులో వందల వంతు కూడా లేని వ్యవధిలో వెలువడిన అతి శక్తిమంతమైన రేడియో విస్ఫోటం అందులో కనిపించింది. ‘ఫాస్ట్ రేడియో బర్స్ట్’ అనే కొత్త పరిశోధన రంగం అలా మొదలైంది.

భారత్‌కు సంబంధించిన ఉదాహరణ చంద్రయాన్-1. ఆ వ్యోమనౌకతో 2009 ఆగస్టులో సంబంధాలు తెగిపోయాయి. చంద్రుడి ఉపరితలంపై నీటి అణువుల జాడను అందులోని నాసా పరికరం ‘మూన్ మినరాలజీ మ్యాపర్’ అప్పటికే పట్టుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత, 2018లో, అదే పరికరం డేటాను విశ్లేషించిన పరిశోధకులు ధ్రువాల వద్ద సూర్యరశ్మి ఎన్నడూ సోకని చోట్ల ఉపరితలంపైనే మంచు ఉందనడానికి ప్రత్యక్ష ఆధారాలు ప్రకటించారు. వ్యోమనౌక మూగబోయినా దాని డేటా పనిచేస్తూనే ఉంది.

కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు విషయంలోనూ ఇదే జరిగింది. బహిరంగంగా ఉన్న దాని కొలతలను కృత్రిమ మేధతో జల్లెడ పట్టి, కెప్లర్-90 నక్షత్రం చుట్టూ ఎనిమిదో గ్రహం తిరుగుతోందని 2017 డిసెంబర్‌లో నాసా, గూగుల్ పరిశోధకులు వెల్లడించారు. దానికి ఐదేళ్ల ముందే, నాలుగు నక్షత్రాలున్న వ్యవస్థలోని ఒక గ్రహాన్ని సాధారణ ఔత్సాహికులు ఇదే డేటాలో పట్టుకున్నారు.

హైదరాబాద్ నుంచి అంతరిక్షం దాకా

ఆకాశపు కొలతలను పంచుకోవడం ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన కాదు. ఆకాశాన్ని భాగాలుగా పంచుకుని ఫొటోల ద్వారా నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రవేత్తలు నిర్ణయించారు. ఇందులో హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల కూడా పాలుపంచుకుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో అక్కడి సిబ్బంది తమ వంతుకు వచ్చిన ఆకాశ భాగాన్ని గాజు పలకలపై చిత్రీకరించి, నక్షత్రాల స్థానాలను కొలిచి, సంపుటాలుగా ప్రచురించారు.

ఆ శ్రమకు అసలు ఫలితం దశాబ్దాల తర్వాత దక్కింది. నక్షత్రాలు అతి నెమ్మదిగా కదులుతాయి. ఆ కదలికను కొలవాలంటే ఇప్పటి స్థానంతో పాటు చాలా కాలం కిందటి స్థానం కూడా తెలియాలి. ఐరోపా ఉపగ్రహం హిప్పార్కోస్ కొలతలను హైదరాబాద్ సహా వివిధ వేధశాలల పాత పట్టికలతో పోల్చి, 25 లక్షల నక్షత్రాల వివరాలతో టైకో-2 పట్టికను 2000 సంవత్సరంలో రూపొందించారు. నిజామియా కొలతలు ఒక గదిలో ఉండిపోయి ఉంటే ఈ పోలిక సాధ్యమయ్యేది కాదు. తమిళనాడులోని కొడైకెనాల్ వేధశాల 1904 నుంచి తీస్తూ వచ్చిన సూర్యుడి చిత్రాలను కూడా ఇదే ఉద్దేశంతో డిజిటల్ రూపంలోకి మార్చి పరిశోధకులకు అందుబాటులో ఉంచారు.

భారత్‌లో ఎక్కడ లభిస్తుంది?

ఇస్రో శాస్త్రీయ యాత్రల డేటాకు ప్రధాన కేంద్రం బెంగళూరు సమీపంలోని బ్యాలాలులో ఉంది. వ్యోమనౌకల సంకేతాలను అందుకునే భారీ యాంటెన్నాల ప్రాంగణంలోనే ఈ ‘ఇండియన్ స్పేస్ సైన్స్ డేటా సెంటర్’ పనిచేస్తోంది. దీని ‘ప్రదాన్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకున్నవారు డేటాను ఉచితంగా దించుకోవచ్చు.

శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్‌లో ప్రయోగించిన ఆస్ట్రోశాట్ దేశపు తొలి ప్రత్యేక ఖగోళ ఉపగ్రహం. దాని డేటా నిధిని మూడేళ్ల తర్వాత, 2018 సెప్టెంబర్‌లో బహిరంగపరిచారు. చంద్రయాన్-2 ఆర్బిటర్ డేటా విడుదల 2020 డిసెంబర్‌లో మొదలైంది. చంద్రయాన్-3 ల్యాండర్, రోవర్ పరికరాల నుంచి వచ్చిన సుమారు 55 గిగాబైట్ల డేటాను తొలి జాతీయ అంతరిక్ష దినోత్సవమైన 2024 ఆగస్టు 23న విడుదల చేశారు. సూర్యుడిని పరిశీలిస్తున్న ఆదిత్య-ఎల్1 తన కక్ష్యకు చేరి ఏడాది పూర్తయిన సందర్భంగా, 2025 జనవరి 6న దాని డేటాను తెరిచారు.

వేచి ఉండే కాలం ఎందుకు?

చాలా టెలిస్కోపుల డేటా వెంటనే అందరికీ చేరదు. పరిశీలనను ప్రతిపాదించిన శాస్త్రవేత్తకు కొంతకాలం దానిపై ప్రత్యేక హక్కు ఉంటుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిశీలనలకు ఈ గడువు సాధారణంగా 12 నెలలు. ఇందుకు భిన్నంగా, ఐరోపా వ్యోమనౌక గయా కొలతలను దాని సొంత శాస్త్రవేత్తలకు కూడా ముందుగా ప్రచురించుకునే హక్కు లేకుండా ఒకేసారి ప్రపంచానికంతటికీ విడుదల చేశారు. 2022 జూన్‌లో వచ్చిన మూడో విడతలో సుమారు 180 కోట్ల నక్షత్రాలు, ఇతర ఖగోళ వస్తువుల వివరాలున్నాయి.

గడువు ఉండాలనే వాదనలో న్యాయముంది. సంవత్సరాల తరబడి పరికరం నిర్మించినవారికి, పరిశీలన కోసం పోటీపడి సమయం సంపాదించుకున్నవారికి తొలి ఫలం దక్కాలి. గడువు పూర్తిగా ఎత్తివేస్తే, పెద్ద బృందాలూ శక్తిమంతమైన కంప్యూటర్లూ ఉన్న సంస్థలు ముందుగా ఫలితాలు ప్రకటించేస్తాయి. అదే డేటాపై ఒంటరిగా పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి నష్టపోతాడు. మరోవైపు, గడువు పొడిగించిన కొద్దీ ఆ బృందంలో చోటు దక్కని విశ్వవిద్యాలయాలు, కళాశాలలు వెనుకబడతాయి. అందువల్ల ముందే ప్రకటించిన, పరిమితమైన, కచ్చితంగా అమలయ్యే గడువే ఇరుపక్షాలకూ మేలు. ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియని తలుపు వద్ద ఎవరూ తమ పరిశోధనను ప్రణాళిక చేసుకోలేరు.

తెరవడమంటే ఫైళ్లు పెట్టడం కాదు

టెలిస్కోపు నుంచి వచ్చేది కంటికి ఇంపైన చిత్రం కాదు, అంకెల వరుసలు. ఖగోళ శాస్త్రంలో వీటిని ‘ఫిట్స్’ అనే ప్రామాణిక రూపంలో భద్రపరుస్తారు. ప్రతి ఫైలు మొదట్లో పరిశీలన జరిగిన తేదీ, సమయం, పరికరం, ఆకాశంలో చూసిన దిశ వంటి వివరాలు ఉంటాయి. ఈ వివరాలు లేకపోతే అంకెలకు అర్థం ఉండదు. పరికరంలోని లోపాలను, వేడి వల్ల కలిగే మార్పులను, అనవసర సంకేతాలను సవరించే పద్ధతిని కూడా డేటాతో పాటు ఇవ్వాలి. చంద్రయాన్-2 డేటాను గ్రహ పరిశోధనలో అంతర్జాతీయంగా వాడే పీడీఎస్-4 ప్రమాణంలో సిద్ధం చేయడానికి కారణమిదే.

ఈ తేడా ఎంత ముఖ్యమో పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు అనుభవం చూపుతుంది. 30 భారీ యాంటెన్నాల ఈ వ్యవస్థతో 2010-12 మధ్య ఆకాశాన్ని 150 మెగాహెర్ట్జ్ వద్ద విస్తృతంగా సర్వే చేశారు. ఆ తరంగాలను భూమి ఎగువ వాతావరణం వక్రీకరిస్తుంది. దానిని సవరించడం నిపుణులకే కష్టసాధ్యం. హుయిబ్ ఇంటెమా నేతృత్వంలోని అంతర్జాతీయ బృందం నిధిలోని ముడి డేటాను తిరిగి శుద్ధి చేసి, ఆకాశంలో దాదాపు 90 శాతాన్ని కవర్ చేసే పటాలను, 6.2 లక్షల రేడియో జనకాల పట్టికను బహిరంగంగా విడుదల చేసింది. ముడి డేటాను వాడుకోగలిగినవారు కొందరే. శుద్ధి చేసిన పటాలు మాత్రం, 2013లో భారత్‌లో మొదలైన ‘రాడ్ ఎట్ హోమ్’ వంటి వేదికల ద్వారా, కళాశాల విద్యార్థులు ఇళ్ల నుంచే అసాధారణ గెలాక్సీలను వెతికేందుకు ఉపయోగపడ్డాయి.

మొదలుపెట్టాలనుకునేవారికి

నేడు ఈ రంగంలోకి అడుగుపెట్టడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ డేటా కేంద్రం అందించే ‘అలాదిన్’ ద్వారా బ్రౌజర్‌లోనే వివిధ టెలిస్కోపుల ఆకాశ చిత్రాలను ఒకదానిపై ఒకటి పరిచి చూడవచ్చు. పైథాన్ భాషలో రాసిన ‘ఆస్ట్రోపై’ ఉచితంగా లభిస్తుంది. తొలి మెట్టుగా ఒక నక్షత్రం వెలుగులో మార్పులను కెప్లర్ డేటా నుంచి గీసి చూడటం, తెలిసిన ఫలితంతో సరిపోల్చుకోవడం ఉత్తమం.

అదే సమయంలో జాగ్రత్త అవసరం. చిత్రంలో కనిపించిన ప్రతి వెలుగు చుక్కా ఆవిష్కరణ కాదు. కాస్మిక్ కిరణం తాకినా, పరికరం పొరబడినా అలాంటి చుక్కలే కనిపిస్తాయి. విక్రమ్ శకలం విషయంలోనూ సుబ్రమణియన్ చూసింది మొదట ఒక అనుమానం మాత్రమే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వెలుతురులో తీసిన చిత్రాలతో సరిచూశాకే అది వాస్తవంగా నిలిచింది. డేటా బహిరంగంగా ఉండటం వల్ల కలిగే రెండో ప్రయోజనమూ ఇదే: కొత్త విషయాన్ని ఎవరైనా కనుగొనవచ్చు, ఆ వాదన తప్పయితే దానిని ఎవరైనా పట్టుకోవచ్చు.

భారత్‌లో ఇప్పుడు కొరవడినది డేటా కంటే దానిని వాడే చేతులు. వేగవంతమైన ఇంటర్నెట్, తగినంత కంప్యూటర్ సామర్థ్యం, డిగ్రీ స్థాయిలోనే విశ్లేషణలో శిక్షణ, మాతృభాషల్లో మార్గదర్శక సామగ్రి ఉంటే జిల్లా కేంద్రంలోని కళాశాల విద్యార్థి కూడా బ్యాలాలు డేటాపై పనిచేయగలడు. అవి లేనప్పుడు పోర్టల్ తెరిచే ఉన్నా, దానిని వాడుకునేది ఇప్పటికే సౌకర్యాలున్న సంస్థలే.