అరచేతి కంప్యూటర్‌కు యంత్రం పగ్గాలు

ఇంటి వెనుక రేకుల షెడ్డులోని చిన్న మిల్లింగ్ యంత్రాన్ని కంప్యూటర్ చేత నడిపించడం ఒకప్పుడు పెద్ద కర్మాగారాలకే చెల్లిన వైభవం. 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి నుంచి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ 35 డాలర్ల ధరకు విపణిలోకి వచ్చాక పరిస్థితి మారింది. ప్రాసెసర్, మెమరీ, బయటి తీగలను కలుపుకొనే పిన్నులు అన్నీ ఒకే బోర్డుపై అమరిన ఈ సాధనం పొడవు వెడల్పులలో దాదాపు ఏటీఎం కార్డంత ఉంటుంది. బడి పిల్లలకు ప్రోగ్రామింగ్ అలవాటు చేయాలన్న ఉద్దేశంతో రూపొందిన ఈ బోర్డు వర్క్‌షాపులలోకి ప్రవేశించడం విశేషం. అయితే బోర్డును కొని యంత్రానికి తగిలించినంత మాత్రాన పని పూర్తి కాదు. అసలు చిక్కు కాలంతో వస్తుంది.

సంఖ్యలతో యంత్రాన్ని నియంత్రించే విధానం మాత్రం కొత్తది కాదు. హెలికాప్టర్ రెక్కల తయారీలో కచ్చితత్వం కోసం అమెరికాలో జాన్ పార్సన్స్ ఆరంభించిన ప్రయత్నం మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1952లో ఫలించింది. చిల్లుల కాగితపు చుట్టపై ఉన్న ఆదేశాల ప్రకారం లోహాన్ని కోసిన ఆ తొలి యంత్రానికి వందలాది వాక్యూమ్ ట్యూబులతో కూడిన నియంత్రణ విభాగం అవసరమయింది.

భారతదేశానికి యంత్రాల తయారీ కొత్త కాదు. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లోనే ఏర్పడగా, బెంగుళూరులో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో నెలకొన్నది. రాజ్‌కోట్, లూథియానా, బటాలా, కోయంబత్తూరు పట్టణాలు ఈ రంగంలో పేరు గడించాయి. ఇనుప భాగాలను స్వదేశంలోనే పోతపోసినా, నియంత్రణ వ్యవస్థ విషయంలో మాత్రం జపాన్‌కు చెందిన ఫానుక్, జర్మనీకి చెందిన సీమెన్స్ వంటి సంస్థల వైపు చూడటం పరిపాటి అయింది. కంట్రోలర్ చెడిపోయి, దాని విడిభాగాలు దొరకక, ఇనుము చెక్కుచెదరని యంత్రం సైతం మూలపడే అవస్థ చిన్న కారఖానా యజమానికి తెలియనిది కాదు. హైదరాబాద్ బాలానగర్‌లోనైనా, పాకిస్థాన్‌లోని సియాల్‌కోట్‌లోనైనా, ఢాకాలోని ధోలాయ్‌ఖాల్‌లోనైనా యంత్రం ఆగితే ఆనాటి కూలి ఆగినట్లే.

ఈ స్థితిలో చవక బోర్డుకు తోడుగా నిలిచినది ఉచిత సాఫ్ట్‌వేర్. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ అయిన నిస్ట్ 1990లలో యంత్రాల నియంత్రణ కోసం ఒక ప్రోగ్రామును అభివృద్ధి చేసింది. ప్రభుత్వ ధనంతో తయారైనందున అది ప్రజల సొత్తుగా విడుదలయింది. ఔత్సాహికులు దానిని మెరుగుపరుస్తూ వచ్చారు. ఇఎంసి అన్న తొలి పేరును అదే పేరుగల ఒక వాణిజ్య సంస్థతో వచ్చిన చిక్కు కారణంగా 2011లో లినక్స్‌సీఎన్‌సీగా మార్చారు. నార్వేకు చెందిన సిమెన్ స్వాలే స్కోగ్స్‌రూడ్ 2009లో వెలువరించిన జీఆర్‌బీఎల్ అనే మరో ప్రోగ్రాము, ఆర్డుయినో అనే ఇంకా చిన్న బోర్డుపై పనిచేస్తుంది.

కాలపు చిక్కు

యంత్రపు బల్లను కదిపే స్టెప్పర్ మోటారు ఒక్కొక్క విద్యుత్ పల్స్‌కు ఒక్కొక్క అడుగు వేస్తుంది. ఒక చుట్టుకు 200 అడుగులు వేసే మోటారును డ్రైవరు సాయంతో ఎనిమిదేసి భాగాలుగా విడగొడితే చుట్టుకు 1600 పల్స్‌లు అవుతాయి. ఒక చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిగే స్క్రూ ఉన్నప్పుడు మిల్లీమీటరుకు 320 పల్స్‌లు పడతాయి. బల్ల నిమిషానికి 1200 మిల్లీమీటర్ల వేగంతో కదలాలంటే సెకనుకు 6400 పల్స్‌లు సమాన వ్యవధిలో వెలువడాలి. తెరపై బొమ్మ మార్చడానికో, కార్డు నుంచి ఫైలు చదవడానికో కంప్యూటర్ సెకనులో వెయ్యో వంతు తాత్సారం చేసినా ఆరు పల్స్‌లు గతి తప్పుతాయి. మోటారు అడుగు తప్పుతుంది. సాధారణ స్టెప్పర్ మోటారు ఆ సంగతిని వెనక్కి చేరవేయలేదు గనుక కంప్యూటర్ అంతా సవ్యంగా ఉన్నదన్న భ్రమలోనే కోత కొనసాగిస్తుంది. వస్తువు చెడిపోయాక గాని తప్పు బయటపడదు.

దీనికి పరిష్కారం పని విభజనే. ఫైళ్లు, తెర, ఆదేశాల పంపిణీ రాస్ప్‌బెర్రీ పై చూసుకుంటే, పల్స్‌లను లెక్క తప్పకుండా విడుదల చేసే బాధ్యత జీఆర్‌బీఎల్ నడిచే చిన్న బోర్డుకు అప్పగిస్తారు. ఇంటి వర్క్‌షాపుకు ఇదే సులువైన దారి. 2013లో వచ్చిన బీగుల్‌బోన్ బ్లాక్ అనే బోర్డులో ఇటువంటి పని కోసమే ప్రధాన ప్రాసెసర్‌కు తోడు రెండు ఉప ప్రాసెసర్లు ఉన్నాయి. సమయపాలనకు తోడ్పడే రియల్ టైమ్ సదుపాయం లినక్స్ ప్రధాన కెర్నల్‌లో చేరడానికి మాత్రం 2024 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

తీగలు, కోతలు

తీగలు కలిపే దశలో జరిగే పొరపాట్లు బోర్డు ప్రాణానికే ముప్పు తెస్తాయి. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులను మించి భరించలేవు. పాత యంత్రాలలోని సెన్సర్లు తరచు 24 వోల్టులపై పనిచేస్తాయి. మధ్యలో ఆప్టోకప్లర్ లేకుండా ఈ రెంటినీ కలిపితే బోర్డు అక్కడికక్కడే కాలిపోతుంది.

విద్యుత్ కోత మరొక సమస్య. బోర్డుకు మాత్రమే యూపీఎస్ పెట్టి ఊరుకుంటే మేలుకన్న కీడే ఎక్కువ. కరెంటు పోయి మోటార్లు నిలిచిపోయినా బోర్డు మెలకువగానే ఉండి పల్స్‌లు పంపుతూనే ఉంటుంది. అందుచేత మోటార్ల విద్యుత్తు పోయిన సమాచారం బోర్డుకు చేరేలా ఒక తీగ వేయక తప్పదు. కరెంటు రాగానే పంపుసెట్టును తనంతట తానే నడిపించే ఆటో స్టార్టర్ రైతుకు వరమే కావచ్చు. కోత యంత్రం వద్ద అదే ఏర్పాటు వేళ్లు తెగే ప్రమాదానికి దారితీస్తుంది. కరెంటు తిరిగి వచ్చినా మనిషి మీట నొక్కితే తప్ప యంత్రం కదలరాదు. అత్యవసరంగా ఆపే ఎర్ర మీట సైతం కంప్యూటర్‌ను అర్థించకుండా కాంటాక్టరు ద్వారా నేరుగా మోటార్ల విద్యుత్తును తెంచాలి. ఈ ఒక్క విషయంలో పొదుపు పనికిరాదు.

చేతి చక్రంతో తిరిగిన పాత స్క్రూలో మెకానిక్‌లు 'ప్లే' అని పిలిచే వదులు ఉంటుంది. మనిషి చేయి దానిని పసిగట్టి సర్దుకుంటుంది గాని, ఎదురు కొలత లేని కంప్యూటర్‌కు ఆ నేర్పు లేదు. బాల్ స్క్రూ బిగించుకోవడం ఇందుకు మందు. పలు సందర్భాలలో బోర్డు ధర కంటే స్క్రూ ధరే అధికమవుతుంది.

అన్నీ అమరిన తరువాత తొలి పరీక్ష కోత పనిముట్టు బిగించకుండానే జరపాలి. బల్లకు డయల్ గేజ్ ఆనించి, ముల్లును సున్నాపై నిలిపి, 100 మిల్లీమీటర్లు అవతలికి, తిరిగి ఇవతలికి యాభై పర్యాయాలు నడిపిస్తారు. చివరకు ముల్లు సున్నా వద్దకే చేరితే లోహాన్ని బిగించవచ్చు. చేరకపోతే వేగాన్ని సగానికి తగ్గించి మళ్లీ మొదటి నుంచి.