జప్తుకు అందని ఆస్తి

అప్పులు మీద పడి ఐపీ (దివాలా పిటిషన్) పెట్టక తప్పని ఇంట్లో అందరినీ పీడించే భయం ఒకటే: ఇక కట్టుబట్టలతో రోడ్డున పడతామా? అప్పులవాళ్లు వాకిట్లో నిలబడి ఫ్రిజ్జు, బీరువా, బండి పట్టుకుపోతామని కేకలు వేస్తుంటే ఆ భయం ఇంకా ముదురుతుంది. మన చట్టం అప్పు ఇచ్చినవారి హక్కును కాపాడుతూనే, అప్పుపడినవారి ఇంట్లో కొన్నిటి జోలికి ఎవరూ పోకూడదని వందేళ్ల కిందటే గీత గీసింది. ఆ గీత ఎక్కడుందో తెలియక ఎన్నో కుటుంబాలు పోగొట్టుకోనక్కర్లేనివి పోగొట్టుకుంటున్నాయి.

ప్రోనోటు చేతిలో ఉన్నంత మాత్రాన ఎవరూ మీ ఇంట్లో వస్తువు ఎత్తుకుపోవడానికి వీల్లేదు. దావా వేయాలి, డిక్రీ తెచ్చుకోవాలి, దాని అమలుకు ఈపీ (అమలు పిటిషన్) వేయాలి. కోర్టు జప్తుకు ఉత్తర్వు ఇస్తేనే అమీనా వస్తాడు. ఆయన కూడా పొద్దుగుంకాక, తెల్లవారకముందు ఇంట్లోకి అడుగు పెట్టకూడదని 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 62వ సెక్షన్ చెబుతోంది.

ఏవి జప్తు చేయకూడదో అదే కోడ్‌లోని 60వ సెక్షన్ జాబితా రాసి పెట్టింది. బాకీదారు, భార్యాపిల్లలు కట్టుకునే బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు అందులో మొదటివి. మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీది నుంచి తీయకూడని నగలకూ రక్షణ ఉంది, మంగళసూత్రం అలాంటిదే. చేతివృత్తులవారి పనిముట్లు ముట్టుకోకూడదు: నేతగాడి మగ్గం, వడ్రంగి ఉలి, కమ్మరి సుత్తి. కూలీల, ఇళ్లలో పనిచేసేవారి వేతనాన్ని పూర్తిగా వదిలేయాలి. పింఛను, గ్రాట్యుటీ, పీఎఫ్, పీపీఎఫ్, బాకీదారు పేరిట ఉన్న జీవిత బీమా పాలసీ డబ్బు కూడా జప్తుకు అందవు. రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బును ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకున్నా ఆ రక్షణ పోదని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

రైతు విషయంలో ఈ సెక్షన్ మరింత ఆలోచించింది. సేద్యపు పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు భావించే పశువులు, విత్తనాలు, రైతు ఉంటున్న సొంత ఇల్లు, దాన్ని అంటిపెట్టుకున్న దొడ్డి జప్తుకు రావు. రైతు అంటే పట్టాదారు ఒక్కడే కాదు. ప్రధానంగా సేద్యం మీదే బతుకుతూ స్వయంగా సాగు చేసుకునే కౌలు రైతూ, వ్యవసాయ కూలీ కూడా ఈ నిర్వచనంలోకి వస్తారు. కౌలు అప్పులతో సతమతమయ్యే మన పల్లెల్లో ఊరూరా చెప్పాల్సిన సంగతి ఇది. అయితే పొలానికి మాత్రం ఈ జాబితాలో చోటు లేదు. ఇల్లు నిలిచినా పొలం వేలానికి రావచ్చు.

జీతగాళ్లకు లెక్క వేరు. మామూలు అప్పు డిక్రీలో జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. జీతం 40,000 అనుకుందాం. 1,000 తీసేస్తే 39,000. అందులో రెండు వంతులు 26,000. అంటే 27,000 ఇంటికి వస్తుంది, 13,000 దాకా కోత పడుతుంది. ఒకే డిక్రీ కింద ఇలా 24 నెలలు కోత పడ్డాక, ఆ డిక్రీ కోసం మళ్లీ జీతం జోలికి రాకూడదు. భార్యాపిల్లల మనోవర్తి బాకీ అయితే రక్షణ మూడో వంతుకే పరిమితం. అది న్యాయమే.

ఐపీ పెట్టినా రక్షణ ఈ జాబితాదే. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టు ఒకరిని దివాలాదారుగా ప్రకటిస్తే, వారి ఆస్తి కోర్టుకో రిసీవర్‌కో దఖలు పడుతుంది. దాన్ని అమ్మి అప్పులవాళ్లకు పంచుతారు. 60వ సెక్షన్ కాపాడిన ఆస్తి ఆ పంపకంలోకి రాదు.

ఇదంతా బాకీదారు మీద జాలితో చేసిన ఏర్పాటు మాత్రమే కాదు. మగ్గం పోయిన నేతగాడు రేపు ఏం నేసి అప్పు తీరుస్తాడు? విత్తనాలు పోయిన రైతు ఏం పండించి కడతాడు? మనిషి మళ్లీ సంపాదించుకునే దారి మూసేస్తే అప్పిచ్చినవారికీ రావాల్సింది రాదు. ఆ కుటుంబం భారం చివరికి ఊరి మీదే పడుతుంది. అందుకే ఈ మినహాయింపులను వదులుకుంటున్నానని ఎవరితో సంతకం పెట్టించుకున్నా, 1976లో చేర్చిన నిబంధన ప్రకారం అది చెల్లదు.

అయితే ఈ రక్షణ చెల్లని చోట్లు ఉన్నాయి. అందులో పెద్దది తనఖా. రైతు ఇల్లయినా సరే, తనఖా పెట్టి తెచ్చిన అప్పుకు ఆ ఇంటిని కోర్టు ద్వారా అమ్మించుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉంటుంది. చేబదులు వాళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఇల్లు తనఖా పెట్టడం, పుస్తెలతాడు కుదువ పెట్టడం, పీఎఫ్ సొమ్ము తీసి వడ్డీకి కట్టడం మనం నిత్యం చూస్తున్నాం. చట్టం కాపాడిన ఆస్తిని కంగారులో మన చేతులతో మనమే అప్పగిస్తున్నాం. ఆ అడుగు వేసేముందు ఒక్కసారి వకీలును అడగండి.

ఆస్తి దాచినా లాభం లేదు. ఐపీ పెట్టడానికి ముందు రెండేళ్లలోపు, తగిన ప్రతిఫలం లేకుండా బంధువుల పేర రాసిన ఆస్తిని తిరిగి లాక్కోవచ్చు. భార్యకు పుట్టింటివారు పెట్టిన బంగారం సంగతి వేరు. అది ఆమె సొంతం. అప్పుపత్రం మీద ఆమె సంతకం లేనప్పుడు భర్త బాకీకి జప్తు కాదు. చెక్ బౌన్స్ క్రిమినల్ కేసును మాత్రం ఐపీ ఆపలేదు. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఎవరి చేతిలోనూ పెట్టకండి.

ఈ పాత జాబితాలో లోపాలూ ఉన్నాయి. రైతు ఇంటికి, కూలీ ఇంటికి ఉన్న రక్షణ ఊళ్లోని కిరాణా కొట్టు యజమాని ఇంటికి లేదు, ప్రైవేటు బడి పంతులు ఇంటికీ లేదు. 2016 నాటి దివాలా కోడ్ ఈ లోటును కొంత సరిదిద్దింది. తనఖాలో లేని ఒక ఇంటిని, బతుకుతెరువుకు కావలసిన వాహనాన్ని అది మినహాయించింది. నియమాల ప్రకారం ఆ ఇంటి విలువ పట్నంలో 20 లక్షలు, పల్లెలో 10 లక్షలు దాటకూడదు. వ్యక్తుల దివాలాకు సంబంధించిన ఆ భాగాన్ని 2019 డిసెంబరు నుంచి కంపెనీ అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికే అమలు చేశారు. కంపెనీ పెద్దలకు దక్కిన ఆ నీడ చిన్న కొట్టు నడుపుకునేవారికీ దక్కాలి. జీతంలో 1,000 రూపాయల మినహాయింపు 2002 నుంచి అమల్లోకి వచ్చింది. అదీ నేటి ధరలకు తగ్గట్టు పెరగాలి.

చట్టం మారేలోగా, ఉన్న రక్షణనైనా పూర్తిగా వాడుకోవాలి. జప్తు నోటీసు అందగానే, వేలం దాకా ఆగకుండా, ఈ ఆస్తి 60వ సెక్షన్ కిందకు వస్తుందని కోర్టులో అభ్యంతరం వేయాలి. వకీలుకు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, ఆదాయం తక్కువ ఉన్నవారికి అక్కడ న్యాయసహాయం ఉచితం. అప్పు తీర్చాల్సిందే, ఆ బాధ్యతను ఎవరూ కాదనరు. కానీ అప్పుకు భయపడి ఊరు వదలడమో, ప్రాణం తీసుకోవడమో చేయాల్సిన అవసరం ఏ బాకీదారుకూ లేదు. ఉండే చోటును, తిండిని, పనిముట్టును చాలామందికి చట్టమే మిగిల్చింది. అవి చేతిలో ఉన్న మనిషి మళ్లీ నిలదొక్కుకోగలడు.