ఈఎస్‌ఐ ఎగవేస్తే చేతి చమురే!
కార్మికుల వైద్య ఖర్చు తగ్గించుకోవడానికి యాజమాన్యాల ముందున్న మార్గాలు

చిలకలూరిపేట: పల్నాడు జిల్లాలో స్పిన్నింగు, జిన్నింగు మిల్లులు ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. కార్మికుడు జబ్బుపడితే ఆ ఇల్లు అప్పుల పాలవుతుంది. యంత్రం వద్ద ప్రమాదం జరిగితే యజమాని కూడా చిక్కుల్లో పడతాడు. అయినా నెలనెలా కట్టాల్సిన ఈఎస్‌ఐ చందాను దండుగ ఖర్చుగా భావించి, హాజరు పట్టీలో మనుషుల సంఖ్యను తగ్గించి చూపే యజమానులు లేకపోలేదు. లెక్క వేసి చూస్తే ఈ పొదుపు నష్టాల బేరమేనని తేలుతుంది.

చందా ఎంత?

ఈఎస్‌ఐ చట్టం 1948లో వచ్చింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో అది విలీనమైంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు ఈ పథకంలో చేరడం తప్పనిసరి. 2017 జనవరిలో వేతన పరిమితిని రూ.21,000గా నిర్ణయించారు. 2019 జులైలో చందాను 6.5 శాతం నుంచి 4 శాతానికి తగ్గించారు. ఇందులో యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం.

నెలకు రూ.16,000 వేతనం పొందే కార్మికుడికి యజమాని చెల్లించాల్సింది రూ.520 మాత్రమే. కార్మికుడి వాటా రూ.120. ఇరవై మంది పనిచేసే సంస్థలో యజమానిపై పడే భారం ఏడాదికి రూ.1,24,800.

ఎగవేస్తే ఏమవుతుంది?

ఈఎస్‌ఐ పరిధిలో ఉన్న కార్మికుడు విధి నిర్వహణలో మరణిస్తే అతడి కుటుంబానికి కార్పొరేషనే నెలనెలా పింఛను చెల్లిస్తుంది. యజమాని విడిగా నష్టపరిహారం ఇవ్వనవసరం లేదు. ఈఎస్‌ఐ వర్తించని చోట ఆ భారం యజమానిదే. 2020లో ఖరారైన రూ.15,000 వేతన పరిమితి ప్రకారం, 30 ఏళ్ల కార్మికుడు మరణిస్తే పరిహారం సుమారు రూ.15.6 లక్షలు. ఇరవై మందికి పన్నెండేళ్ల పాటు కట్టే చందా కంటే ఇది ఎక్కువ. చందా ఎగవేసిన సందర్భంలో కార్మికుడికి అందించిన ప్రయోజనాల విలువను కార్పొరేషన్ యజమాని నుంచి వసూలు చేయవచ్చు.

మూల వేతనం తక్కువ చూపి, మిగిలినది అలవెన్సుల కింద ఇచ్చే ఎత్తుగడకూ కోడ్ అడ్డుకట్ట వేసింది. మినహాయింపు పొందే అలవెన్సులు మొత్తం చెల్లింపులో సగం దాటితే, పైమొత్తాన్ని వేతనంగానే పరిగణిస్తారు.

కార్మికుడికి ఒరిగేదేమిటి?

కార్మికుడితో పాటు అతడిపై ఆధారపడిన కుటుంబ సభ్యులకూ వైద్యం అందుతుంది. నిర్ణీత రోజులు చందా కట్టిన వారికి జబ్బు సెలవు కాలంలో 70 శాతం వేతనం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు లభిస్తుంది. మహిళలకు ప్రసూతి సమయంలో 26 వారాల పాటు పూర్తి వేతనం వస్తుంది. ఆరోగ్యశ్రీ ఉంది కదా అని సరిపెట్టుకోవడం తగదు. 2007లో మొదలైన ఆ పథకం ఆసుపత్రి చికిత్సకు ఆసరా అవుతుంది తప్ప, కోల్పోయిన కూలి డబ్బును ఇవ్వదు.

పరిధిలోకి రానివారి మాటేమిటి?

పత్తి జిన్నింగు వంటి సీజనల్ కర్మాగారాలకు ఈఎస్‌ఐ వర్తించదు. ప్రమాద పరిహార బాధ్యత మాత్రం తప్పదు. అందువల్ల ఆ బాధ్యతకు తగిన బీమా పాలసీ తీసుకోవడం శ్రేయస్కరం. వేతన పరిమితి దాటిన సూపర్‌వైజర్లు, గుమస్తాలకు గ్రూపు ఆరోగ్య బీమా అనుకూలం. దాని ప్రీమియాన్ని వ్యాపార ఖర్చుగా చూపవచ్చు. ఏటా క్లెయిముల మొత్తాన్ని బట్టి ప్రీమియం మారుతుంది కనుక రెండు మూడు కంపెనీల ధరలు, షరతులు పోల్చి చూసుకోవాలి. ప్రీమియం తగ్గుతుందని గది అద్దెకు పరిమితి, బిల్లులో వాటా వంటి షరతులకు అంగీకరిస్తే ఆ భారం ఉద్యోగిపైనే పడుతుంది.

నివారణే చవక

పత్తి దుమ్ము ఏళ్ల తరబడి పీల్చితే బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల వ్యాధి సోకే ప్రమాదం ఉంది. సెలవు తర్వాత విధుల్లో చేరిన మొదటి రోజున ఛాతీ బిగపట్టడం దీని తొలి లక్షణం. దుమ్మును లాగివేసే యంత్రాలను సక్రమంగా నడపడం, ఏటా ఊపిరితిత్తుల పరీక్షలు జరిపించడం ద్వారా చికిత్స ఖర్చును, పనిదినాల నష్టాన్ని తగ్గించవచ్చు.

ప్రతి నెల చందాను తరువాతి నెల 15వ తేదీలోగా జమ చేయాలి. ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. కార్మికులు సైతం తమ పేరిట చందా జమవుతున్నదీ లేనిదీ బీమా నంబరు ఆధారంగా తెలుసుకోవాలి. ప్రమాదం జరిగాక తెలుసుకుంటే ప్రయోజనం స్వల్పమే.