సరకు ఒకటే.. బాడుగలు వేరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం: టమోటా ధర పడిపోయినా లారీ బాడుగ మాత్రం తగ్గదు. మదనపల్లె యార్డులో గిట్టుబాటు లేని రోజుల్లో కోత కూలి, బాడుగ భరించలేక రైతులు పంటను పొలంలోనే వదిలేసిన సందర్భాలు అనేకం. 2023 జులై చివర్లో కిలో రూ.200కు చేరువైనప్పుడు ఎవరూ లెక్కచేయని ఈ ఖర్చే, ధర లేని కాలంలో లాభనష్టాలను తేలుస్తుంది.

దూర ప్రాంతాలకు సరకు పంపేందుకు ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. లారీ మొత్తాన్ని మాట్లాడుకోవడం మొదటిది. ఇందులో బాడుగ బండికే గాని సరకుకు కాదు. ఉదాహరణకు 10 టన్నుల లారీకి రూ.30 వేలు ఒప్పుకుంటే కిలోకు రూ.3 పడుతుంది. అదే లారీలో ఆరు టన్నులే వేస్తే రూ.5 అవుతుంది. చిన్న రైతులు నలుగురైదుగురు కలిసి ఒకే బండి మాట్లాడుకోవడంలోని మర్మం ఇదే. రెండోది ట్రాన్స్‌పోర్టు కార్యాలయంలో బుక్ చేయడం. నీరుగట్టువారిపల్లె పట్టుచీరల వంటి సరకుకు ఇది చవక. అయితే మార్గమధ్యంలో గోదాముల్లో దించి, ఎక్కిస్తారు కనుక టమోటాకు ఏమాత్రం పనికిరాదు.

మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పంలో మరో వెసులుబాటు ఉంది. సరకు దించి ఖాళీగా బెంగళూరు, చెన్నై వైపు మళ్లే లారీలు తక్కువ బాడుగకే దొరుకుతాయి. కాకపోతే అవి ఎప్పుడు దొరికేదీ ముందుగా చెప్పలేం. కోసిన కూరగాయలు అంతవరకు ఆగవు. పొరుగు రాష్ట్రానికి వెళ్లే బండికి అక్కడ తిరిగే పర్మిట్ ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి.

గ్రానైట్ పంపేవారికి బరువే అసలు చిక్కు. మూడు ఇరుసుల పది చక్రాల లారీకి బండి బరువుతో కలిపి ఉన్న 25 టన్నుల పరిమితిని 2018లో 28.5 టన్నులకు పెంచారు. అది మించితే 2019 మోటారు వాహన సవరణ చట్టం ప్రకారం రూ.20 వేలు, అదనపు టన్నుకు మరో రూ.2 వేలు జరిమానా పడుతుంది. రూ.50 వేలు దాటిన సరకుకు ఈ-వే బిల్లు కూడా ఉండాలి. తాజా కూరగాయలకు అది అక్కర్లేదు.

నోటిమాట ఒప్పందాలే నష్టాలకు మూలం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద నమోదైన సంస్థ సరకు తీసుకున్నట్లు రసీదు ఇవ్వాలి. సరకు విలువను ముందుగా రాయించకపోతే, నష్టం జరిగినప్పుడు బాడుగకు పది రెట్లకు మించి పరిహారం రాదు. రూ.30 వేల బాడుగకు గరిష్ఠంగా రూ.3 లక్షలే. దావాకు వెళ్లాలంటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఫోన్లో చెప్పామంటే చెల్లదు.

రైలు మార్గం లేకపోలేదు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు నడిచింది. అయితే మదనపల్లె రోడ్డు స్టేషన్ పట్టణానికి దూరంగా సీటీఎంలో ఉంది. లారీలో స్టేషన్‌కు, రైలు దిగాక మళ్లీ లారీలో మండీకి చేర్చాలి. అదనపు హమాలీ ఖర్చుతోపాటు కాయ నలిగే ప్రమాదమూ ఉంది.

బాడుగ మాట్లాడేటప్పుడు చాలామంది మరిచేది ఖాళీ క్రేట్ల సంగతి. వాటిని తిరిగి చేర్చే ఖర్చు ఎవరిదో, పగిలినవాటికి ఎవరు బాధ్యులో బండి కదలకముందే రసీదుపై రాయించుకోవాలి.