గ్రంథసూచిలో కాలము చెల్లిన పేర్లు

గ్రంథాలయమున పుస్తకము ఉన్నంత మాత్రమున పాఠకునికి దొరకదు. అది ఏ పేరుతో సూచిలో చేరినదో అతనికి తెలియవలెను. ఆ పేరు వాడుక తప్పినదైనచో పుస్తకము బీరువాలో ఉండియు లేనట్లే అగును. ఆ పేరు అవమానకరమైనచో పుస్తకము దొరికినను మనస్సు నొచ్చును. ఈ రెండు చిక్కులను గూర్చి మేమిచట కొంత వివరింపదలచినాము.

విజయనగరమునకు చేరువనున్న నెల్లిమర్లనే తీసికొందము. జూట్ మిల్లుకు పేరుపడిన ఊరది. అచ్చటి విద్యార్థి ఒకడు గోగునారను గూర్చి చదువగోరినాడనుకొనుడు. ఆంగ్ల గ్రంథములలో దానికి 'బిమ్లిపటం జూట్' అని పేరు. భీమునిపట్నము రేవును బట్టి వచ్చిన వర్తకుల మాట అది. మరికొన్నింట 'మెస్తా' అనియు, 'కెనాఫ్' అనియు ఉండును. తన జిల్లా పూర్వచరిత్ర కావలెనన్న 'వైజాగపటం' అను పేర వెదకవలెను. విజయనగరం జిల్లా ఏర్పడినది 1979లో గదా! శ్రీకాకుళము 'చికాకోల్' అను పేర దాగియుండును. మన భాష సంగతి మరింత చిత్రము. 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణపు శీర్షికలోనే తెలుగునకు 'జెంటూ' అను మారుపేరు కనబడును. 1776 నాటి హాల్‌హెడ్ ధర్మశాస్త్ర గ్రంథమున అదే మాటకు హిందువులని అర్థము.

మన ఏజెన్సీ కొండలలోని సవరల విషయము చూడుడు. గిడుగు రామమూర్తి పంతులుగారు వారి భాషకు 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించి అందు 'సొర' అను రూపమును వాడినారు. వెరియర్ ఎల్విన్ 1955లో వారి మతమును గూర్చి వ్రాసిన గ్రంథమున 'సావొరా' అన్నారు. జాతి ఒకటే, పేర్లు మూడు. సూచి ఈ మూటిని కలుపనిచో ఒక పేరు తెలిసిన పాఠకునికి మిగిలిన గ్రంథములు అందవు.

ఇంతవరకు చెప్పినవి దారి తప్పించు పేర్లు. గాయపరచు పేర్లు వేరే ఉన్నవి. 1871లో పుట్టిన 'నేరస్థ జాతుల' చట్టము 1911లో మద్రాసు రాజధానికి కూడ వ్యాపించి, ఎరుకల వంటి వారిని పుట్టుకతోనే దొంగలుగా ముద్రవేసినది. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినది. సూచిలో మాత్రము 'నేరస్థ జాతులు' అను విషయశీర్షిక నిలిచియున్నచో, ఎరుకల బాలుడు తన తాతల చరిత్రను ఆ మాట క్రిందనే వెదకుకొనవలెను. అప్పుడా మాట అనుచున్నది ఏ రచయితయో కాదు, గ్రంథాలయమే.

అయినచో పాత మాటలన్నిటిని చెరిపివేయుదమా? అదియు తగదు. అంబేద్కరుగారు 1948లో ప్రకటించిన గ్రంథము పేరులోనే 'అస్పృశ్యులు' అను మాట ఉన్నది. దానిని తుడిచివేయుట ఆయన వాదమునకే అపచారము. గ్రంథము పేరు రచయిత సొత్తు. అచ్చులో ఉన్నట్లే సూచికెక్కవలెను. విషయశీర్షిక గ్రంథాలయము పెట్టినది. దానిని దిద్దవచ్చును, దిద్దవలెను. 'దళితులు', 'విముక్త జాతులు' వంటి నేటి పేర్లను శీర్షికలుగా నిలిపి, పాత పేరు వద్ద 'ఫలానా చూడుము' అను సూచనను ఉంచినచో పాత మాట ఎరిగినవారికిని దారి దొరకును. పాఠకుని కాలము కాపాడవలెనని రంగనాథన్‌గారు 1931లో చెప్పిన సూత్రము ఇందువలన నెరవేరును.

ఈ దిద్దుబాటు సులభముగా జరుగదు. శాన్‌ఫర్డ్ బెర్మన్ అను అమెరికా గ్రంథాలయాధికారి 1971లోనే అమెరికా కాంగ్రెసు గ్రంథాలయపు విషయశీర్షికలలోని పక్షపాతమును ఒక గ్రంథమున ఎత్తిచూపినారు. అనుమతి లేక వలసవచ్చినవారిని 'చట్టవిరుద్ధ విదేశీయులు' అను శీర్షికను మార్చుమని 2014లో విద్యార్థులు కోరగా, ఆ గ్రంథాలయము 2016లో అంగీకరించెను. శాసనసభ్యుల అభ్యంతరముల నడుమ ఆ మార్పు 2021లో గాని అమలు కాలేదు.

మన దేశమున ప్రభుత్వ పత్రములలో సైతము మాటలు మారినవి. 'ఆదిమ గిరిజన సమూహములు' అను మాటను 2006లో విడిచి, 'ప్రత్యేకముగా దుర్బల స్థితిలోనున్న గిరిజన సమూహములు' అని మార్చినారు. మన కొండసవరలు వానిలోని వారే. ఈ క్రొత్త పేరును కూడ రేపటివారు ఒప్పకపోవచ్చును. కావున ఒకసారి దిద్ది ఊరకుండుటకు వీలులేదు.

కార్డుల కాలమున ఒక శీర్షిక మార్చవలెనన్న వందల కార్డులు తిరిగి వ్రాయవలసివచ్చెడిది. కంప్యూటరులో ప్రామాణిక శీర్షికను ఒకచోట సవరించినచో, దానితో ముడిపడిన గ్రంథములన్నిటి వద్ద మారును. అయితే పాత కార్డులను చూచి ఉన్నదున్నట్లు ఎక్కించినచో పాత తప్పు కూడ అంతే వేగముగా ఊరూర వ్యాపించును. ఎక్కించుటకు ముందే పరిశీలింపవలెను. ఆ పరిశీలనలో ఆయా జనులు తమను తామేమని పిలుచుకొందురో మొదట విచారింపవలెను.

పాఠకులకును ఇందు భాగమున్నది. మీ ఊరి గ్రంథాలయములో ఏ పేరైన తికమక కలిగించినను, నొప్పించినను, ఆ పేరును, దానికి బదులు మీరు వాడు పేరును ఒక కాగితముపై వ్రాసి గ్రంథాలయాధికారికి అందజేయుడు. సూచి తప్పులు దానిని వాడువారికే ముందుగా కనబడును.