డిస్కుల నిద్ర, సర్వరు జాగరణ

పూర్వము కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతముగా పేరొందిన నందిగామ, జగ్గయ్యపేటలు 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. జిల్లా పేరు మారినది గాని ఎండ తగ్గలేదు. మే మాసమున ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు పోవుట ఇచ్చటివారికి క్రొత్త కాదు. అట్టి వేసవిలో ఒక ఉపాధ్యాయుని ఇంట, గది మూలను, రాత్రింబవళ్ళు పనిచేయుచున్న చిన్న కంప్యూటరు నొకదానిని ఊహింతము.

ఆ కంప్యూటరులో ఇంటివారి ఫోటోలు, పాఠముల వీడియోలు, పదేండ్ల ప్రశ్నపత్రములు భద్రపరచబడి యున్నవి. ఇంటిలోని ఫోన్లకు, టెలివిజనుకు అది వాటిని అందించును. అంతేగాక, ఒక ఫోను ఏదైన వెబ్‌సైటును పేరుతో కోరినపుడు, ఆ పేరునకు సరియగు అంకెల చిరునామాను చెప్పు పని కూడ దానిదే. అడిగినవారికి అడిగినది అందించునట్టి ఇట్టి కంప్యూటరునే సర్వరు అందురు.

దానిలో నాలుగు డిస్కులు కలవనుకొందము. ఫోటోలు, వీడియోలు చూచునది దినమునకు నాలుగు గంటలకు మించదు. తక్కిన 20 గంటలు డిస్కులు ఊరక తిరుగుచుండును. సర్వరు మేలుకొని యుండగా డిస్కులను మాత్రము నిద్రపుచ్చవచ్చునా? నిద్రింపుమని ఆజ్ఞ ఇచ్చుట సులభమే. కాని కొద్ది నిమిషములకే అవి మరల తిరుగుచుండుట చూచి చాలమంది నిరాశ చెందుదురు. ఇందుకు కారణ మేమి?

డిస్కు లోపల

తిరుగు డిస్కు క్రొత్త వస్తువు కాదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తన రామాక్ యంత్రముతో మొదటి డిస్కు నిల్వను వెలువరించినది. అందు 24 అంగుళముల వ్యాసముగల 50 పళ్ళెములు నిమిషమునకు 1,200 చుట్లు తిరిగెడివి. అంత పెద్ద యంత్రములో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే.

నేటి పళ్ళెము వ్యాసము సుమారు 9.5 సెంటీమీటర్లు. వేగము సాధారణముగా నిమిషమునకు 5,400 లేక 7,200 చుట్లు. 7,200 అనగా సెకనుకు 120 చుట్లు. పళ్ళెపు చుట్టుకొలత సుమారు 30 సెంటీమీటర్లు గనుక, దాని అంచు సెకనుకు 36 మీటర్లు, అనగా గంటకు సుమారు 130 కిలోమీటర్లు పోవుచుండును. నందిగామ మీదుగా పోవు హైదరాబాదు రహదారిపై కారు కూడ అంత వేగముగా పోరాదు. ఈ వేగమునకు పళ్ళెముతోపాటు ఈడ్వబడిన గాలిపొరపై, వ్రాయుచు చదువుచు నుండు హెడ్డు అనబడు చిన్న భాగము తేలుచుండును. పళ్ళెమునకు, దానికి నడుమ ఎడము కొద్ది నానోమీటర్లు మాత్రమే.

నిద్ర యనగా ఈ హెడ్డును ప్రక్కకు తీసి భద్రముగా నుంచి, మోటారును ఆపివేయుట. డిస్కులోని విద్యుత్ పలక మాత్రము మెలకువతో నుండి, పిలుపు కొరకు వేచియుండును. పిలుపు వచ్చినచో మోటారు తిరిగి వేగము నందుకొనుటకు సుమారు 10 సెకన్లు పట్టును. కుంభకర్ణుని లేపుట ఎంత ప్రయాసయో డిస్కును లేపుటయు అంతే. లెక్క చూచినచో అది తెలియును.

నిద్రవలన లాభ మెంత?

పని లేకుండ తిరుగు డిస్కు ఒక్కింటికి 5 వాట్లు, నిద్రించునపుడు అర వాటు ఖర్చగు ననుకొందము. అప్పుడు మిగులునది 4.5 వాట్లు. నాలుగు డిస్కులకు 18 వాట్లు. 20 గంటలకు 360 వాట్ గంటలు. సంవత్సరమునకు సుమారు 131 యూనిట్లు.

కరెంటు పోయి ఇల్లు ఇన్వర్టరుపై నడుచునపుడు దీని విలువ ఇంకను తెలియును. ఐదు గంటలలో మిగులు 90 వాట్ గంటలతో 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పది గంటలు వెలుగును.

వేడి సంగతి కూడ గమనింపవలెను. డిస్కు గ్రహించిన విద్యుచ్ఛక్తి యంతయు తుదకు వేడిగా మారును. పెక్కు డిస్కులకు తయారీదారులు విధించిన మితి 60 డిగ్రీలు. గది ఉష్ణోగ్రతయే 40 దాటినచోట, మూసిన బీరువాలో తిరుగు డిస్కు ఆ మితికి చేరువగును. నిద్రించు డిస్కు గది వేడిని అంతగా మించి కాగదు.

నిద్రాభంగము చేయు వారెవరు?

డిస్కుకు మెలకువ తెప్పించునది పెద్ద పని కాదు. చిన్న చిన్న వ్రాతలే. అర్ధరాత్రి ఇంటివారందరు నిద్రించుచున్నను ఫోన్లు నిద్రింపవు. సందేశములు వచ్చినవా యని ఏదో ఒక పేరునకు చిరునామా అడుగుచునే యుండును. సర్వరు సమాధానమును తన తాత్కాలిక స్మృతినుండియే, అనగా ర్యామ్‌నుండియే చెప్పగలదు. అందుకు డిస్కు అక్కరలేదు. కాని ‘ఫలానా సమయమున ఫలానా ఫోను ఈ పేరు అడిగినది’ అని లాగ్ ఫైలులో ఒక పంక్తి వ్రాసికొనును. లైనక్స్ పద్ధతిలో, మారిన సమాచారము సాధారణముగా అర నిమిషము ర్యామ్‌లో నిలిచి, పిదప డిస్కుకు పంపబడును. ఆ ఒక్క పంక్తి కొరకు డిస్కు లేవవలసినదే.

రెండవది, చదువుట కూడ వ్రాతగా మారుట. ఫైలును చివరిసారి ఎప్పుడు చదివిరో ఆ వేళను గుర్తించు అలవాటు ఈ పద్ధతికి కలదు. ఫైలు ర్యామ్‌లోనే దొరికినను, వేళను వ్రాయుటకై డిస్కు లేచును. 2009 నుండి లైనక్స్ ఈ వ్రాతలను చాలవరకు తగ్గించినది. ‘నోఎటైమ్’ అను నిబంధనతో వాటిని పూర్తిగా మాన్పవచ్చును.

మూడవది వైద్యుని వంటిది. డిస్కు ఆరోగ్యమును పరీక్షించు స్మార్ట్‌డీ అను ప్రోగ్రాము, వేరుగా చెప్పనిచో, అరగంట కొకసారి డిస్కును పలుకరించును. నిద్రించు రోగిని లేపి, నిద్ర పట్టినదా యని అడిగినట్లు! నిద్రించు డిస్కును కదపవద్దని దానికి చెప్పు వీలు కలదు.

గోదాము, గుమాస్తా పుస్తకము

ఇక పరిష్కారము. మన ప్రాంతపు పత్తి, మిర్చి గోదాములనే చూడుడు. వచ్చు పోవు బండ్ల లెక్క వ్రాయు గుమాస్తా పుస్తకమును గోదాము లోపల ఉంచినచో, ఒక్కొక్క పంక్తి వ్రాయుటకు పెద్ద తలుపులు తెరువవలసి వచ్చును. అందుచేతనే పుస్తకమును ద్వారము చెంత బల్లపై ఉంచుదురు. సరుకు వచ్చినపుడో పోవునపుడో మాత్రమే తలుపులు తెరచెదరు.

సర్వరునకు ఈ బల్ల వంటిది ఎస్.ఎస్.డి. అందు తిరుగు భాగములు లేవు గనుక, లేపుట యను బాధ లేదు. నిర్వాహక వ్యవస్థ, లాగ్ ఫైళ్ళు, చిరునామాల సేవ, చిన్న డేటాబేసులు అన్నియు దానిపై ఉంచవలెను. ఫోటోలు, వీడియోలు మాత్రమే తిరుగు డిస్కులపై ఉండవలెను. తరచుగా వ్రాయు చిన్నవానిని, అరుదుగా తెరచు పెద్దవానిని వేరుచేయుటయే ఈ విద్య యొక్క సారము.

చిన్న వ్రాతలను ర్యామ్‌లోనే గంటలకొలది నిలిపియుంచవచ్చునుగదా యని కొందరు అడుగవచ్చును. డిస్కుకు నిద్ర దొరకునుగాని, ఆ నడుమ కరెంటు పోయినచో వ్రాత యంతయు పోవును. విద్యార్థుల మార్కులకు ఆ పద్ధతి తగదు.

ఎంతసేపటికి నిద్ర?

డిస్కు లేచునపుడు 10 సెకన్లపాటు 20 వాట్లు గ్రహించె ననుకొందము. అది 200 జౌలులు. ఊరక తిరిగినను ఆ 10 సెకన్లలో 50 జౌలులు ఖర్చయి యుండును. అదనపు ఖర్చు 150 జౌలులు. నిద్రలో సెకనుకు 4.5 జౌలులు మిగులును గనుక, 34 సెకన్ల నిద్రతో ఆ ఖర్చు తీరిపోవును. అట్లయిన నిమిషము విరామము దొరకినపుడెల్ల నిద్రపుచ్చవచ్చునా?

కూడదు. శక్తి లెక్క వేరు, అరుగుదల లెక్క వేరు. పావుగంట కొకసారి లేచు డిస్కు దినమునకు 96 సార్లు, ఏడాదికి 35,040 సార్లు లేచును. పాతరకపు డిస్కులు పెక్కింటికి తయారీదారులు చెప్పిన మితి 50,000 సార్లు మాత్రమే. ఏడాదిన్నర గడువకముందే ఆ మితి దాటును. క్రొత్త డిస్కులలో హెడ్డును ప్రక్కకు తీసి పెట్టుటకు మితి 3 లక్షలు, 6 లక్షలవరకు కలదు. అయినను వృథాగా లేపుట మంచిది కాదు. దినమునకు రెండుసార్లు మాత్రమే లేచు డిస్కుకు ఏడాదికి 730 సార్లే. కావున తరచు చెడు నిద్రకంటె ఎడతెగని మెలకువయే మేలు. నిద్రాభంగ కారణములను తొలగించిన పిదపనే నిద్రకాలము నిర్ణయింపవలెను.

లైనక్స్‌లో ఈ గడువును హెచ్‌డీపార్మ్ అను ఉపకరణముతో ఏర్పరచుదురు. అందొక చమత్కారము కలదు. 1 నుండి 240 వరకు ఒక్కొక్క అంకెకు 5 సెకన్లు. 240 అనిన 20 నిమిషములు. కాని 241 అనిన 20 నిమిషముల 5 సెకన్లు కాదు, అరగంట. అచ్చటినుండి 251 వరకు ఒక్కొక్కటికి అరగంట చొప్పున పెరుగును. గంట కావలెనన్నచో 242 అని వ్రాయవలెను.

అన్నియు ఒక్కసారి లేచినచో

మెట్టరైతులకు తెలిసిన విషయమే ఇది. పోయిన కరెంటు తిరిగి రాగానే, ఆటోమేటిక్ స్టార్టర్లున్న మోటార్లన్నియు ఒక్కసారిగా అందుకొనినచో ట్రాన్స్‌ఫార్మరుపై భారము పడును. డిస్కు మోటారును మొదలుపెట్టుటకు 12 వోల్టుల వద్ద 2 ఆంపియర్లవరకు, అనగా 24 వాట్లు పట్టవచ్చును. నాలుగు కలసి 96 వాట్లు. చిన్న సర్వరు యొక్క విద్యుత్ పెట్టె ఇందుకు చాలకపోవచ్చును. ఒకదాని తరువాత ఒకటిగా లేచునట్లు చేయు ఏర్పాటు కొన్నింట కలదు. లేనిచో ఈ భారమునకు తగిన పెట్టెను ముందే ఎన్నుకొనవలెను.

మరియొక హెచ్చరిక. నిద్రించు డిస్కు కూడ ఏదో ఒకనాడు చెడును. ముఖ్యమైన వాటికి రెండవ ప్రతిని వేరొకచోట నుంచుట మరువరాదు.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

కంప్యూటరు గదిలో లైనక్స్ యంత్రమున్న పాఠశాలలలో, ఉపాధ్యాయుని సమక్షమున, అదనపు డిస్కు నొకదానిని నిద్రపుచ్చి చూడవచ్చును. హెచ్‌డీపార్మ్‌ను పెద్ద ‘సీ’ అక్షరముతో పిలిచినచో డిస్కును లేపకుండనే దాని స్థితిని తెలుపును. ఐదు నిమిషములకొకసారి ఆ స్థితిని, వేళను పుస్తకమున వ్రాయుడు. డిస్కు లేచిన ప్రతిసారియు, ఆ వేళ ఏ ప్రోగ్రాము పనిచేసెనో విచారింపుడు. ఒక్కొక్క కారణమును తొలగించి మరల పరీక్షింపుడు. ఆ పుస్తకములో మెలకువల సంఖ్య దినదినము తగ్గుచుండినచో మీ పరీక్ష ఫలించినట్లే.