మీకు తెలుసా? గుండ్రటి చెక్క పగిలేది ఇందుకే!

దుంగను అడ్డంగా కోసిన గుండ్రటి బిళ్ల ఆరేటప్పుడు నడిమి నుంచి అంచుకు ఎంత కుంచించుకుంటుందో, వలయాల వెంట దాదాపు దానికి రెట్టింపు కుంచించుకుంటుంది!

పచ్చి టేకునే చూడండి. పూర్తిగా ఆరేసరికి నడిమి నుంచి అంచుకు తగ్గేది సుమారు 2.5 శాతం, వలయాల వెంట 5.8 శాతం. చుట్టూ తిరగడానికి ఇక చెక్క చాలదు. అందుకే గుమ్మడికాయలోంచి ఒక బద్ద తీసేసినట్టు, నడిబొడ్డు నుంచి అంచు దాకా నెర్రె విచ్చుకుంటుంది. ఇలాంటి బిళ్లతో ముచ్చటపడి చేయించుకున్న టీపాయ్ పగిలితే పాపం వడ్రంగిని తిట్టకండి.

ఆ నెర్రెకు అడ్డంగా సీతాకోకచిలుక ఆకారపు చెక్క బిళ్ల బిగించడం పాత ఉపాయం. పచ్చి చెక్కను పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనంలో నానబెట్టడం ఇంకొకటి. నీరు పోయిన చోట అది నిలిచి, చెక్కను కుంచించుకోనివ్వదు. 1961లో స్టాక్‌హోమ్ దగ్గర సముద్రంలోంచి పైకి తీసిన వాసా అనే పాత చెక్క ఓడ మీద దీన్నే 17 ఏళ్లపాటు పిచికారీ చేశారు.

మాంసం కొట్లో కత్తి దెబ్బలు తినే చింత మొద్దూ ఇలాంటి బిళ్లే. ఈసారి వెళ్లినప్పుడు దాని అంచు గమనించండి. కొన్నిచోట్ల పగలకుండా ఇనుప పట్టా బిగించి ఉంటుంది.